సీమసారు

మా పక్క 'సీమ' అని పేరు తగిలించుకుని వచ్చిందేదీ ఉత్తినే రాలేదు. సీమనూనె వచ్చి బుడ్డీలో వెలిగింది. సీమచింత వచ్చి బడిపిల్లోళ్ళ జేబులు నింపింది. సీమావు వచ్చి డెయిరీ క్యాన్లు నింపింది. ఆ నలుపూ తెలుపూ ఆవు అసలు జాతి హాలెండుదని పశువుల డాక్టర్లు చెప్తారు గానీ, సముద్రం అవతల ఉన్నదంతా మాకు సీమే. ఈ వరసలో అందరికన్నా వెనక వచ్చినవాడు సీమసారు. ముద్దలోకి పోసుకునేదాన్ని కూడా మేం 'సారు' అనే అంటాం కాబట్టి, ఊరికి కొత్తగా వచ్చిన ఒక కోడలు "సీమసారులోకి చింతపండు వేస్తారా, టమేటానా?" అని అత్తను అడిగిందని ఒక కథ ఉంది. నిజమో కాదో తెలీదు. చింతామణి సంతలో టమేటా ధర చూసి చెప్పాల, అందట అత్త.

సీమసారు అంటే ఒక్క మనిషి అనుకునేరు. అదొక జాతి. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి బెంగళూరు నుంచి ఉత్తరంగా పాక్కుంటూ వస్తోంది. చిక్కబళ్ళాపురం దాటింది, చింతామణి చేరింది, బాగేపల్లి టోల్‌గేటు దాకా వచ్చేసింది. ఊరికొక రకం పడుతుంది. ఒక ఊళ్ళో అవకాడో నాటినాయన. ఇంకో ఊళ్ళో మట్టి ఇల్లు కట్టుకుని, చెదలు పట్టాయని అమెరికాలో కొడుక్కి ఫోన్ చేసినాయన. గౌరిబిదనూరు పక్క హోసూరు నుంచి హెచ్. నరసింహయ్య గారు చదువు కోసం బెంగళూరికి కాలినడకన పోయింది 1930ల్లో. చదువూ కొలువూ పెన్షనూ అన్నీ అయిపోయినవాళ్ళు ఇప్పుడు కార్లలో ఎదురొస్తున్నారు.

మా ఊరి వంతుకు వచ్చింది ప్రశాంతత రకం.

ఆయనది గుంటూరు పక్క. ముప్పై అయిదేళ్ళు బెంగళూరులో ఉద్యోగం. మధ్యలో కంపెనీ పనిమీద పద్నాలుగు నెలలు ఇంగ్లండులో, కాట్స్‌వోల్డ్స్ అనే గుట్టల సీమలో ఒక పల్లెలో కాపురం. ముప్పై అయిదేళ్ళు ఒక ఎత్తు, ఆ పద్నాలుగు నెలలు ఒక ఎత్తు. తేనెరంగు రాతి ఇళ్ళు, చిన్న ఏరు, ఏట్లో బాతులు. పక్కింటి ముసలాయన పద్నాలుగు నెలల్లో ఆయనతో వాన గురించి తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదట. "అదండీ సంస్కారమంటే!" అంటాడు, కళ్ళు మూసుకుని.

వాన గురించి మేమూ మాట్లాడతాం, పడినప్పుడు. లండన్‌లో ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లే, మా ఏడాది లెక్క దానికేం తీసిపోదు. కాకపోతే వాళ్ళకు అది రోజూ ఇంత చొప్పున, జీతం మాదిరి వస్తుంది. మాకు బాకీ వసూలైనట్టు నాలుగు రోజుల్లో ఒక్కసారి కుమ్మరించి మళ్ళీ ఏడాదిదాకా మొహం చూపించదు. అంత చిన్న విషయం మీద పద్నాలుగు నెలలు మాట్లాడాలంటే వాళ్ళలాగా వంతులవారీగా పడాలి.

ఆయన మా ఊరు చూడడానికి వచ్చింది మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలకు. ఆ పొద్దు ఊరంతా పక్కూరికి పెళ్ళికి పోయి ఉంది. వీధిలో ఒక కుక్క పడుకుని ఉంది, అరుగు మీద ఒక ముసలవ్వ పడుకుని ఉంది. వేపచెట్టు కింద నిలబడి, గాలి పీల్చి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అన్నాడాయన. బ్రోకరు అవ్వవైపు చూశాడు. అవ్వ నిద్ర లేవలేదు. ఆ నిద్ర విలువ ఎంతో రిజిస్ట్రేషన్ ఆఫీసులో తేలింది. రామాలయానికి నాలుగిళ్ళ అవతల పాత పెంకుటిల్లు, వెనక దొడ్డి, నాలుగు కొబ్బరిచెట్లు ఆయన సొంతమయ్యాయి. ఊరు చూసుకోవడానికి వచ్చిన రోజు ఊళ్ళో ఊరు లేదన్న సంగతి ఆయనకు పాలు పొంగించిన రాత్రి గడిచాక గాని తెలియలేదు.

నాలుగున్నరకు గుడి మైకులో సుప్రభాతం. అయిదుకు ట్యాంకు మోటారు. అయిదున్నరకు డెయిరీ ముందు క్యాన్లు, ఫ్యాటు తక్కువ చూపించాడని సెక్రెటరీతో జగడం. ఆరుకు సొప్ప తెచ్చే ట్రాక్టరు, దాంట్లో చిరంజీవి పాట. ఏడుకు ఉల్లిగడ్డల ఆటో. అందులో ఉల్లిగడ్డలు ఎంత పాతవైనా కావచ్చు గానీ గొంతు మాత్రం రికార్డు చేసినది, అరిగిపోదు. వీటి సందుల్లో కోళ్ళు. శనివారం రాత్రయితే భజన. చిత్రావతి ఈవల మాట తెలుగు, రాత కన్నడం, తిట్టు రెండూ కలిపి కాబట్టి ప్రతి జగడమూ మామూలు ఊళ్ళకన్నా రెట్టింపుసేపు నడుస్తుంది.

మూడో రోజుకు ఆయన ఫోన్‌లో శబ్దం కొలిచే యంత్రం ఒకటి దించుకున్నాడు. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45 దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెప్తున్నాయనీ, రాత్రి పది నుంచి పొద్దున ఆరుదాకా మైకు పెట్టకూడదనీ కాగితం మీద అచ్చు కొట్టించి గుళ్ళో మైకు డబ్బా మీదే అంటించాడు. ఆ మాట నిజమే. చట్టం ఆయన పక్కనే ఉంది. అయితే మా వాళ్ళు అంకె చూడగానే ఫ్యాటు గుర్తొచ్చే జనం. పెద్దరెడ్డి చాలాసేపు ఆ ఫోన్‌ను చూసి, "ఇది ఎక్కువొస్తే లీటరుకు రేటు ఎక్కువిస్తారా సార్?" అని అడిగాడు.

పిల్లోళ్ళకు మాత్రం విషయం వెంటనే అర్థమైంది. సాయంత్రం బడి వదలగానే సీమసారు గేటు ముందు బారు కట్టారు. ఒక్కొక్కడే వచ్చి ఫోన్ ముందు గొంతు చించుకుని అరవడం, అంకె చూసుకోవడం, పక్కవాడికన్నా తక్కువొస్తే మళ్ళీ బారులో నిలబడడం. ఆయన మొదట బతిమాలాడు, తర్వాత కసురుకున్నాడు. ఆ కసురు 91 చూపించింది. ఆ వారంలో అదే రికార్డు; పిల్లోళ్ళు చప్పట్లు కొట్టారు.

సద్దుకన్నా ఆయనకు కష్టమైంది ప్రశ్న. మా ఊళ్ళో మనిషి ఎదురుపడితే ప్రశ్న వేయకుండా పోవడం తిట్టినదానికన్నా హీనం. "ముద్ద తింటిరా సార్? ఏం సారు? ఈపొద్దు గడ్డం గీసుకోలేదే? కొడుకు ఫోన్ చేసినాడా? పెన్షన్ ఎంతొస్తాది? మోకాలు నొప్పా, అట్ల కుంటుతాండారు?" ఇవన్నీ ఇంటి నుంచి టీ హోటలుకు పోయే నూటాయాభై అడుగుల దూరంలో. ఆయన మొదట్లో ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. పెన్షన్ ఎంతో కూడా చెప్పేశాడు, పాపం. అది సాయంకాలానికి బాగేపల్లి బస్‌స్టాండు దాటి గుడిబండ చేరింది. తర్వాత జవాబులు మానేసి, తలుపు సందులోంచి వీధి ఖాళీగా ఉందా లేదా చూసుకుని బయటికి రావడం నేర్చుకున్నాడు. దాంతో "సారుకు ఒంట్లో బాగలేదంట" అని పుకారు పుట్టి, చూడడానికి పదిమంది ఇంటికే వచ్చారు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, మందులు చెప్పి, ఆయన మేడమ్‌కు బస్సారు చేయడం నేర్పించి పోయారు.

మేడమ్ గురించి ఒక్క మాట. ఆమె ఏ ఇంగ్లండు పల్లెనూ కోరి రాలేదు కాబట్టి మూడు వారాల్లో మా మనిషైపోయింది. అక్కా అన్నవాళ్ళకు అక్క, వదినా అన్నవాళ్ళకు వదిన. అరుగు మీద ఆమె నవ్వితే మీటరు ఎంత చూపించేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఒక రాత్రి కరెంటు పోయి అందరం వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు ఆయనకు హుషారు వచ్చి తన ఇంగ్లండు పల్లెను మొదటినుంచి చెప్పాడు. పోస్టాఫీసు ఎప్పుడో మూసేశారట. అంగడి లేదు. బడి లేదు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎర్రటి టెలిఫోన్ పెట్టె ఉంది గానీ అందులో ఫోన్ లేదు. కంపెనీ దాన్ని ఒక్క పౌండుకు ఊరికి ఇచ్చేస్తే వాళ్ళు లోపల పాత పుస్తకాలు సర్దుకున్నారు. చర్చి ఉంది, పాదిరి మాత్రం అయిదు ఊళ్ళకు కలిపి ఒకడే. సాయంత్రం వీధిలో నడిస్తే తన బూట్ల చప్పుడే తనకు వినిపించేదట. ఆయన గొంతు గద్గదమైంది. అంతా విని అవ్వ, అదే ఆ అరుగు అవ్వ, మెల్లగా అడిగింది:

"అయ్యో పాపం. అందరూ యాడికి పోయినారు సార్?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ అవ్వ అడిగింది అడగాల్సిన ప్రశ్నే. ఆ పల్లెల్లో ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు పడి, కూలీలు మిల్లులకు పోయి, 1851 జనాభా లెక్కలకే ఇంగ్లండులో సగానికి మించి జనం పట్నాల్లో తేలారు. సద్దుచేసేవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలినదాన్ని, డబ్బున్నవాళ్ళు తర్వాత వచ్చి కొనుక్కున్నారు. ఆ సరుకు మా దగ్గర కూడా తయారవుతోందిలెండి. మా వీధిలో పెళ్ళికి ఎదిగిన మగపిల్లలు పదకొండు మంది. దీపావళికి తప్ప ఒక్కడూ కనపడడు. ఇంకొంచెం ఓపిక పడితే సీమసారుకు కావలసినది చవగ్గానే దొరికేది.

ఆయనకు ఆ ఓపిక లేదు. కోళ్ళ మీద పంచాయతీకి అర్జీ పెట్టాడు, మూడు పేజీలు, కన్నడంలో టైపు చేయించి. ఇంగ్లండులో 1894 చట్టం నుంచి పారిష్ కౌన్సిళ్ళు ఊరి మంచిచెడ్డలు ఎట్లా చూస్తున్నాయో ఒక పేజీ అదే. పైగా ప్రపంచమంతా కోళ్ళ మీద కోర్టుకు పోతోందని నాతో అన్నాడు. నేను కొంచెం చదివి చూశాను. ఫ్రాన్సులో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద, పొద్దునే కూస్తోందని సెలవులకు వచ్చే ఇరుగువాళ్ళు నిజంగానే కోర్టుకు పోయారు. 2019లో కోర్టు పుంజు పక్షాన తీర్పు చెప్పింది. 2021లో ఆ దేశం పల్లెల సద్దులూ వాసనలూ కూడా ఊరి ఆస్తేనని చట్టమే చేసింది. ఈ సంగతి టీ హోటల్లో చదివి వినిపిస్తే పెద్దరెడ్డి తలపాగా సర్దుకుని, "ధర్మం తెలిసిన దేశమప్పా అది. మన పుంజును ఒకదాన్ని పంపిచ్చల్ల" అన్నాడు.

అయినా అర్జీ అర్జీయే. పంచాయతీ మర్యాద తప్పలేదు. ఊరికి తెలియజేయాలని తీర్మానం చేసి, చాటింపు వేయించింది. నీళ్ళు వదిలే వాటర్‌మ్యానే జాతరలో తప్పెట కొట్టేది. వాడు ఒక బుధవారం సాయంత్రం తప్పెట మంట మీద కాచుకుని, చర్మం బిగిసి కంగుమనేదాకా చూసుకుని, అర్జీ ఎవరిదో వాళ్ళ ఇంటి ముందే మొదలుపెట్టడం పద్ధతి కాబట్టి నేరుగా సీమసారు గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇనండప్పో ఇనండి! సీమసారుకు సద్దు పడదంట! ఎవురూ గట్టిగా మాట్లాడగూడదంట! కోళ్ళు, కుక్కలు ఎవురివి వాళ్ళు చూసుకోవల్లంటప్పో!"

మూడుసార్లు. మధ్యమధ్యన తప్పెట. ఏమైందోనని ఊరంతా గేటు ముందు చేరింది. చేరినవాళ్ళు వెనకవాళ్ళకు అర్థమయ్యేలా గట్టిగా చెప్పారు. చెవుడున్న తాతకు ఇద్దరు కలిసి చెప్పారు. మేడమ్ అందరికీ మజ్జిగ ఇచ్చింది. సీమసారు కిటికీలోంచి మీటరు పట్టుకుని కనిపించాడు, అంకె మాత్రం పైకి చదవలేదు.

ఆ తర్వాతే అమెరికాలో ఉన్న ఆయన కొడుకు చెవులకు పెట్టుకునే డిప్పలు పంపించాడు. బయటి సద్దు లోపలికి రాకుండా చేసే రకం. ఆయన రెండు చెవులకూ తగిలించుకుని వీధిలోకి వచ్చిన పొద్దు మొహంలో మొదటిసారి ఆ తేనెరంగు వెలుగు చూశాం. కైవారం తాతయ్య, గాజులమ్ముకుంటూ తెలుగులో కన్నడంలో తత్వాలు చెప్పినాయన, గురువు మాట మీద నోట్లో గులకరాయి పెట్టుకుని గుహలో తపస్సు చేశాడనీ, ఆ రాయి కలకండ అయిందనీ మా వైపు చెప్పుకుంటారు. అవ్వ సీమసారును ఎగాదిగా చూసి, "తాతయ్య రాయి నోట్లో పెట్టుకున్నాడు, ఈయన చెవుల్లో పెట్టుకున్నాడు. ఇదెప్పుడు కలకండ అవుతాదో" అంది.

ఆయన కష్టాలు అంతటితో తీరలేదు. బెంగళూరును వదిలి వచ్చానంటాడు గానీ బెంగళూరు ఆయన్ను వదలలేదు. చిక్కబళ్ళాపురంలో కందవార చెరువు నిండితే కట్ట మీద నిలబడి ఫోటో తీసుకున్నాడు. అవి హెబ్బాళ, నాగవార లోయల నుంచి శుద్ధి చేసి గొట్టాల్లో తోలుతున్న బెంగళూరు వాడకం నీళ్ళని చెప్తే నమ్మలేదు. మా స్నానాల నీళ్ళే మాకంటే ముందొచ్చాయా, అన్నాడు. ఆదివారం వస్తే నంది కొండకూ, ఆదియోగి విగ్రహానికీ పోయే కార్ల వరస. ఇవన్నీ ఓర్చుకున్నాడు. 2025 జూలైలో మంత్రివర్గం నంది కొండ మీద కూర్చుని బాగేపల్లి పేరు భాగ్యనగరంగా మార్చాలని ఒప్పుకున్న పొద్దు మాత్రం మనిషి కుంగిపోయాడు. హోటల్లో పేరు బాగుందా లేదా అని రెండు భాషల్లో జగడం జరుగుతుంటే ఆయన ఒక మూల కూర్చుని, "పల్లెకని వచ్చానండీ. చివరికి నగరమేనా?" అన్నాడు. ఆ పొద్దు నాకూ జాలేసింది.

ఇక ఆవు. పచ్చిక మీద నలుపూ తెలుపూ ఆవు ఒకటి దూరంగా మేస్తూ ఉండకపోతే ఆ దృశ్యం పూర్తి కాదని ఆయనకు మొదటినుంచీ ఉండేది. దృశ్యం కోసం ఆవును కొన్నవాళ్ళను మేం అంతకు ముందు చూడలేదు. మంచి సీమావే, రెండో ఈత, పూటకు ఎనిమిది లీటర్లు. దూరంగా మేయించడానికి దొడ్డి చాలదు కాబట్టి ఆయనే కుర్చీ వేసుకుని దూరంగా కూర్చునేవాడు. పాలు పితికేది పక్కింటి నరసమ్మ, డెయిరీకి పోసేది మేడమ్. ఫ్యాటు 3.4 వచ్చిన పొద్దు సెక్రెటరీతో మేడమ్ జగడం మా అయిదున్నరల్లోనే మేలురకం.

పోయిన నెల మేడమ్ తెనాలికి చెల్లెలి ఇంటికి పోయింది. ఆ మరుసటి రాత్రి పదకొండింటికి ఆవు అరవడం మొదలుపెట్టింది.

ఎదకొచ్చిన సీమావు అరుపు విననివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. అంబా కాదది. కడుపులోంచి బయల్దేరి, మెడ సాచుకుని, చివర పగిలే అరుపు. నిమిషానికి ఒకటి, తెల్లవార్లూ. పన్నెండుకు వీధి లేచింది. ఒంటిగంటకు ఊరు లేచింది. గేటు తట్టారు. ఫోన్ చేశారు, లోపల మంచం పక్కన తెరమీద వెలుగు కనిపించింది గానీ మోత లేదు. కిటికీ మీద టార్చి కొట్టారు. డిప్పలు చెవులకు తగిలించుకుని ఆయన వెల్లకిలా, చిరునవ్వుతో.

"పొద్దునే సూది వేయించల్ల. లేకుంటే మళ్ళీ మూడు వారాలు ఆగల్ల" అంది నరసమ్మ. "ఆయప్పకు చెప్పేదెట్ల?"

"మైకులో చెప్పుదాం."

పూజారి మైకు డబ్బా తెరవబోయి ఆగాడు. మూత మీద కాగితం ఉంది: రాత్రి పది నుంచి పొద్దున ఆరు. అందరూ పెద్దరెడ్డి మొహం చూశారు. ఆయన ఆవలించి, "చట్టం ఆయనదే, ఆవూ ఆయనదే. వెయ్యి" అన్నాడు.

రెండున్నరకు మైకు మోగింది. "సీమసారూ! సీమసారూ! మీ ఆవు ఎదకొచ్చింది సార్! లేయండి సార్!" అవతలి ఊళ్ళో దీపాలు వెలిగాయి. కోళ్ళు పొద్దు తెల్లవారిందనుకుని అందుకున్నాయి, కుక్కలు వాటిని అందుకున్నాయి. సీమసారు ఒత్తిగిల్లాడు. చివరికి నరసమ్మ వెనక గోడ దూకి, ఆవు మెడ నిమురుతూ, ఇంత పచ్చిమేత వేసి, తెల్లారేదాకా దాని పక్కనే కూర్చుంది. సూది వేసే కుర్రాడికి ఫోన్ కూడా ఆమే చేసింది.

పొద్దున ఏడింటికి ఊరంతా టీ హోటలు ముందు ఎర్రకళ్ళతో కూలబడి ఉంటే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, డిప్పలు ఇంకా చెవులకే ఉన్నాయి. ఆరు నెలల్లో మొదటిసారి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఆయన అందరినీ ఒకసారి ఆప్యాయంగా చూసి, అవి తగిలించుకున్నవాళ్ళందరూ మాట్లాడినట్టే ఊరు దద్దరిల్లేలా అన్నాడు:

"నిన్న రాత్రి చూశారాండీ! ఒక్క సద్దు లేదు!"